గోచరభూమికి విత్తనము – ఒక ధర్మసందేహము

వైష్ణవ గృహములలో గోసేవ నిత్యకృత్యములందు ఒకటి. భోజనమునకు ముందు గోగ్రాసము తీసిపెట్టుట, కనుమనాడు పశువుల కొమ్ములకు రంగులు వేసి పసుపుకుంకుమలతో పూజించుట, యాత్రకు పోయిన క్షేత్రమున గోశాలకు వెళ్ళి పిడికెడు పచ్చిగడ్డి ఆవునోటికి అందించి ప్రదక్షిణము చేయుట – ఇవి యన్నియు పెద్దలు మనకు అప్పగించిన సదాచారములు. ఆ పిడికెడు గడ్డిని అందించునపుడు భక్తుని మనస్సున కలుగు తృప్తి సామాన్యమైనది కాదు. అయినను ఒక్క విషయమును మనము తరచుగా మరచుచున్నాము. పిడికెడు గడ్డి పూజకు చాలును గాని, ఆవు బ్రతుకుటకు చాలదు. 300 కిలోల బరువుగల ఆవునకు దినమునకు ఎండు లెక్కన 6 మొదలు 7 కిలోల మేత కావలెను. పచ్చిగడ్డియే యైనచో 25 కిలోల వరకు కావలెను. ఆ మేత యెక్కడనుండి వచ్చుచున్నది? అది మొలచు నేల యెట్లున్నది? ఆ నేలకు మనము చేయుచున్న సేవ యేమి? ఈ ప్రశ్నలను విడిచి గోసేవను గూర్చి మాటలాడుట వేళ్ళకు నీరు పోయక ఆకులను తుడుచుట వంటిది.

మన ధర్మశాస్త్రకర్తలు ఈ ప్రశ్నను విడువలేదు. గ్రామము చుట్టును నూరు ధనుస్సుల మేర, అనగా నాలుగువందల మూరల మేర, పశువుల మేతకై విడిచిపెట్టవలెననియు, పట్టణమునకైనచో అంతకు మూడు రెట్లు విడువవలెననియు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము విధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున పచ్చికబీళ్ళను కాపాడుటకు ప్రత్యేకముగా ఒక అధ్యక్షుడే చెప్పబడినాడు. మేతనేల యనునది ఎవరికిని పనికిరాక మిగిలిపోయిన నేల కాదు. ఊరు కట్టునపుడే పశువుల భాగముగా తీసియుంచిన నేల. యజ్ఞమున దేవతల భాగమువలె అదియు అపహరింపరానిది. గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించిన వారిని తొలగింపవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ప్రాచీన ధర్మమునకు నేటి భాష్యముగా తోచును.

అయితే నేలను ఆక్రమణనుండి కాపాడినంతమాత్రమున పని తీరదు. ఎవరును ఆక్రమింపని బీడు సైతము పశువులకు మేతనీయలేని స్థితికి వచ్చుట నేడు మన మెట్టసీమలలో కన్నులార చూచుచున్నాము. దీనికి కారణము తెలిసికొనదగినది. పశువు మేయునపుడు తియ్యని గడ్డిని ముందు కొరుకును. చేదును, ముల్లును విడుచును. గడ్డి తన ఆకులతో ఆహారమును సిద్ధము చేసికొని వేళ్ళను పెంచుకొనును. ఆకు మొలచిన వెంటనే కొరుకబడుచుండినచో వేరు కుంచించుకొనిపోవును. వెన్ను తీయుటకు వ్యవధి లేకపోవుటచే విత్తనమును రాలదు. ఇట్లు కొన్నియేండ్లు గడచునప్పటికి మంచిగడ్డి అంతరించి తంగేడు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఆ స్థానమును ఆక్రమించును. నడుమనున్న నేల బోడిదై, వాన కురిసినను ఇంకక పారిపోవును. పైమట్టియు దానితో పోవును. ఆ స్థితిలో నేలలోని విత్తనపు నిధి ఖర్చైపోయినది గనుక, వానలు ఎంత చక్కగా కురిసినను గడ్డి మొలవదు. ఉన్నదానిని తీసికొనుటయే గాని తిరిగి ఉంచుట యెరుగని సంసారమునకు ఏగతి పట్టునో బీటికిని అదేగతి పట్టును.

పూర్వము ఇట్టి స్థితి వచ్చినపుడు గోపాలకులు ఏమి చేసిరి? శ్రీమద్భాగవత దశమస్కంధమున వృద్ధుడైన ఉపనందుడు వ్రేపల్లెలో కలుగుచున్న ఉపద్రవములను చూచి, క్రొత్తపచ్చికలతో పశువులకు హితమైన బృందావనమునకు తరలిపోవుదమని హితవు చెప్పెను. హరివంశమున కథ ఇంకను స్పష్టముగా నున్నది. అచట బాలకృష్ణుడే తన అన్నగారితో, ఇచటి గడ్డి మేయబడిపోయినది, చెట్లు నరుకబడిపోయినవి, పశువులకు సుఖము లేదు, క్రొత్త వనమునకు పోవలెనని పలుకును. జగద్రక్షకుడు గోపాలుడై పుట్టి మొదట గమనించిన లౌకిక విషయములలో మేతనేల అలసిపోవుట ఒకటి యనుట మనము మననము చేయదగిన విశేషము. నందవ్రజము బండ్లు కట్టుకొని కదలినది. విడువబడిన నేలకు విశ్రాంతి లభించినది. నేడు ఆ యుపాయము మనకు లేదు. ఒక ఊరి బీటిని దాటిన మరియొక ఊరి పొలిమేర. దానిని దాటిన రహదారి, కంచె, పంటచేను. పోదగిన బృందావనము లేనపుడు, ఉన్నచోటనే బృందావనమును పెంచుకొనవలసియున్నది. అందులకు పెద్దలు పరీక్షించి చూపిన ఉపాయమే ఉన్న బీటిమీద తిరిగి విత్తనము చల్లుట.

ఈ పని చేనును దున్ని విత్తుట వంటిది కాదు. మొదట బీటిని నడచి చూడవలెను. మంచిగడ్డి దుబ్బులు అక్కడక్కడ ఇంకను బ్రతికియున్నచో విత్తనముతో పనిలేదు. ఒకటి రెండు వానకాలములు పశువులను విడువకుండినచో ఆ దుబ్బులే వెన్నుతీసి తమ సంతతిని తాము విస్తరింపజేయును. అవియును లేనిచోటనే చల్లవలెను. తంగేడును, సర్కారు తుమ్మను వేరుతో తీసివేసి, తొలకరికి ముందు ఉన్న ఎండుగడ్డిని పశువులచేత బాగుగా మేపించవలెను. విత్తనము గడ్డిమీద నిలువక మట్టిని తాకుటకు ఇది అవసరము. పిదప ముళ్ళకంపను లాగించి నేలపై పొరను కొంచెము గీరవలెను. లోతుగా దున్నినచో మిగిలిన దుబ్బులు చచ్చును, మట్టి కొట్టుకొనిపోవును. ఆరుద్ర కార్తెలో నేల పదునెక్కిన తరువాత విత్తనము చల్లి, మేకల మందను ఒకమారు పైన నడిపించిన చాలును. వాటి గిట్టలే గింజను మట్టిలోనికి అదుమును. ఒక సెంటీమీటరు లోతును మించి పడిన గింజ మొలచుట కష్టము.

చల్లదగిన వానిలో ఒకటి మన పొడినేలలకు చిరపరిచితమైన అంజన్ గడ్డి. కరవును ఓర్చును, ఒకమారు నిలద్రొక్కుకొనిన దుబ్బు ఏండ్ల తరబడి నిలుచును. దాని గింజ నూగుతో కూడి మిక్కిలి తేలికగా నుండుటచే గాలికి ఎగిరిపోవును గనుక తడిమట్టితో కలిపి చల్లుదురు. కోసిన వెంటనే చల్లిన గింజ మొలవదు. కొన్ని మాసములు నిద్రించి పిమ్మట మేల్కొనును. కావున నిరుటి గింజయే శ్రేష్ఠము. రెండవది స్టైలో. ఇది చిన్న పసుపుపూవులు పూయు కాయజాతి మొక్క. అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములలో పుట్టి, ఆస్ట్రేలియాలో మేపుమొక్కగా పేరొంది మన దేశమునకు వచ్చినది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను అనంతపురము సీమలో కొందరు రైతులు దీని విత్తనమును పంటగానే పండించిరి. దీని గింజ పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషములుంచి, పిదప ఒక రాత్రి చన్నీట నానబెట్టినగాని చక్కగా మొలవదు. స్టైలో ఒక్కటియే వెదజల్లినచో ఎకరమునకు 4 కిలోలు పట్టును. అంజన్ గడ్డితో కలిపినచో అందులో సగము చాలును.

గడ్డితోపాటు కాయజాతి మొక్కను చేర్చుటలో ఒక రహస్యమున్నది. ఎండకాలమున ఎండిన బీటిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళకు పడిపోవును. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు మేతను చక్కగా జీర్ణము చేయుటకు సుమారు 7 పాళ్ళయినను ఉండవలెను. కావుననే కడుపు నిండినట్లు కనబడు ఆవు ఎముకలు తేలి చిక్కిపోవుచుండును. స్టైలోలో ఈ సత్తువ అధికము. అంతేగాక దాని వేళ్ళబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ప్రక్కనున్న గడ్డియు బలపడును. అయితే ఒకే మొక్కను బీడంతయు నింపరాదు. తెగులు పుట్టినచో అంతయు ఒక్కమారే పోవును. స్టైలోకు ఆకుమచ్చ తెగులు భయము ఉండనే యున్నది. ఊరినేలలో పుట్టిన గడ్డిని ముఖ్యముగా నుంచి, వచ్చిన అతిథిని దాని ప్రక్కన కూర్చుండబెట్టుట మర్యాద.

ఇంతవరకు ఇది కృషిశాస్త్రము. ధర్మసందేహము ఇచ్చటనుండి ఆరంభమగును. విత్తనము చల్లిన బీటిలో మొదటి సంవత్సరము పశువు అడుగిడరాదు. మొలక వేరు పట్టకముందే పశువు కొరికినచో మొక్క వేరుతో సహా ఊడివచ్చును. కనీసము గింజ ముదిరి నేలరాలువరకు, అనగా ఆషాఢమునుండి కనుమ వరకు, ఆ నేలను మూసియుంచవలెను. వానకాలమున పచ్చగా మొలచుచున్న గడ్డిని గట్టుమీదనుండి చూచి ఆవు అరచుచుండును. కావలివాడు కర్ర ఎత్తి దానిని అదలించును. మాట వినని పశువును బందెలదొడ్డికి తోలును. నోట గడ్డి పెట్టి మ్రొక్కవలసిన చేయి, నోటికాడి గడ్డినుండి ఆవును తోలివేయుట ధర్మమా? గోసేవ చేయబోయి గోద్రోహమునకు పాల్పడుట కాదా? భక్తుడైన గృహస్థునకు ఈ సందేహము కలుగుట సహజము, కలుగకుండుటయే వింత.

కొందరు దీనికి తేలికగా సమాధానము చెప్పుదురు. రేపటి మేలుకొరకు నేటి కష్టమును ఓర్చుకొనవలెను, రోగికి పథ్యము పెట్టిన వైద్యుడు క్రూరుడు కాడు గదా యని వారందురు. ఈ మాటలో సత్యమున్నది గాని పూర్ణసత్యము లేదు. పథ్యము ఎవరి మేలుకో వారే దానిని అనుభవింతురు. రోగి పస్తుండి రోగియే బాగుపడును. బీటి విషయము అట్లు కాదు. ఈ యేడు పస్తుండు ముసలి ఆవు వచ్చే యేటి పచ్చికను చూడకపోవచ్చును. ఎవరి పస్తువలన ఎవరు బాగుపడుచున్నారని అడుగకుండ త్యాగమును ప్రశంసించుట సులభము – ఆ త్యాగము ఇతరులది అయినపుడు మరింత సులభము.

ఇంకను ఒక చిక్కున్నది. ఊరిలో ఇరువది పశువులున్న మోతుబరి యున్నాడు. రెండు మేకలను నమ్ముకొనిన వితంతువు ఉన్నది. బీడు మూయుదమని రచ్చబండ వద్ద తీర్మానించునపుడు ఇద్దరకు ఒకటే కట్టుబాటు. చూచుటకు సమధర్మమే. కాని మోతుబరి దొడ్డిలో వరిగడ్డి వామి యున్నది, జొన్నచొప్ప యున్నది, వేరుశెనగ కట్టె యున్నది. ఆమెకు బీడు తప్ప వేరు దిక్కులేదు. కట్టుబాటు సమానమైనను ఆకలి సమానము కాదు. బీటిని ఇన్నాళ్ళు ఎక్కువగా మేసినవి ఎక్కువ పశువులు. మూసినపుడు ఎక్కువగా పస్తుండునవి తక్కువ పశువులు. ఇట్టి కట్టుబాటు ఎంత శాస్త్రసమ్మతమైన విత్తనముతో జరిగినను, అందు ధర్మము కుంటువడినట్లే.

మరి సమాధానమేమి? రఘువంశమున దిలీప మహారాజు చరిత్రను స్మరింతము. ఆయన నందినీధేనువును స్వయముగా అడవిలో మేపుచుండెను. రుచిగల గడ్డిని కోసి నోటికి అందించుచు, ఈగలను తోలుచు, అది నిలిచిన నిలిచి, నడచిన నడచి సేవించెను. ఒకనాడు సింహము ధేనువును పట్టుకొని, ఇది నాకు ఆహారముగా విధింపబడినదని పలికెను. రాజు ఆవును విడువలేదు. అట్లని సింహపు ఆకలి అసత్యమనియు అనలేదు. ఆవునకు బదులు తన శరీరమును తీసికొమ్మని వంగి నిలిచెను. రెండు ధర్మములు ఎదురుపడినచోట ఆయన మూడవవాని తల తెచ్చి పెట్టలేదు, తన తలనే పెట్టెను. రక్షణధర్మమునకు ప్రాణము ఇదియే. ఒకదానిని కాపాడుటకై మరియొకదానిని ఆపవలసి వచ్చినపుడు, ఆపినందువలన కలుగు నష్టమును ఆపినవాడే భరింపవలెను.

దీనినిబట్టి మన సందేహమునకు తీర్పు లభించుచున్నది. బీడు మూయుట అధర్మము కాదు. మూసి ఊరకుండుట అధర్మము. బీడు మూసినవాడు మేత పెట్టవలెను. ఆవును గట్టుమీదనుండి మరల్చిన చేతిలో రెండవవైపు గడ్డిమోపు ఉండవలెను. అపుడు ఆ యదలింపు తల్లి పాలుమాన్పించుట వంటిదగును. ఆమె ఒక చేత బిడ్డను దూరముగా నుంచి, రెండవచేత అన్నము కలిపి పెట్టును. అన్నము పెట్టక పాలుమాన్పించిన తల్లిని ఎవరును మెచ్చుకొనరు.

ఇది కేవలము భావన కాదు, లెక్కకు వచ్చు విషయము. నలువది ఎకరముల బీడున్నచో దానిని నాలుగు భాగములు చేసి, ఏటికి పది ఎకరములు మాత్రమే మూయవచ్చును. నాలుగు సంవత్సరములలో బీడంతయు తిరిగివచ్చును. ఏనాడును పూర్తిగా మూతపడదు. ఆ బీటిమీదనే బ్రతుకు ఆవునకు దినమునకు 7 కిలోల మేత యనుకొనినచో, పావువంతు మూసినందువలన కలుగు లోటు కిలో ముప్పాతిక. ఆషాఢమునుండి కనుమ వరకు సుమారు 200 దినములు. తలకు 350 కిలోల ఎండుమేత. ఊరు ఆ పశువునకు పడిన ఋణము ఇంత. దీనిని పశువులెక్కువ గలవారినుండి ఎక్కువగా సేకరించి ఉమ్మడి వామిగా వేసి, వామి లేనివారి పశువులకు ముందుగా పంచవలెను. గట్లగడ్డి కోసి తెచ్చుటకు పనివారిని పెట్టవలెను. కనుమ దాటి మూసిన బీటిలో గింజ రాలిన పిదప గడ్డిని కొడవలితో కోసికొను హక్కును పశువుల సంఖ్యనుబట్టి గాక ఇంటికింతయని పంచవలెను. ఇట్టిది అసాధ్యము కాదు. మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామము 1990 దశకమునుండి విచ్చలవిడి మేపును నిలిపి, గడ్డిని కోసికొని పోవు పద్ధతిని అవలంబించినది. కరవుసీమలోని ఆ యూరు పాడిపంటలకు పేరొందినది. కట్టుబాటు నిలిచిన చోట గడ్డి మొలచినది.

ఇక మరియొక ప్రశ్న మిగిలియున్నది. ఉమ్మడి నేలలో నా సొమ్ముతో కొనిన విత్తనమును నేనేల చల్లవలెను? మొలచిన గడ్డిని అందరి పశువులు మేయును గదా! ఈ ప్రశ్న అడుగువాడు దుర్మార్గుడు కాడు, సామాన్య సంసారి. భగవద్గీత మూడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ వానికే సమాధానమిచ్చినాడు. తిరుగుచున్న యజ్ఞచక్రమును తాను నడుపక, దాని ఫలమును మాత్రము అనుభవించువాని బ్రతుకు వ్యర్థమని ఆయన బోధ. మన తాతల ఆవులు మేసిన గడ్డికి ఎవరు విత్తనము చల్లిరి? గోవు సైతము ఈ చక్రమును నడుపుచున్నది. స్టైలో వంటి గట్టి గింజలు కొన్ని దాని కడుపులో చెడక పేడతో బయటపడి, పడినచోట మొలచును. తాను మేసినదానిలో కొంత తెలియకయే తిరిగి విత్తుచున్నది. తెలిసిన మనుష్యుడు తెలియని పశువుపాటి చేయలేకపోవుట తగదు.

పైగా ఈ విత్తనము ఫలాపేక్షను విడుచుటకు మంచి అభ్యాసము. మొదటి యేడు మొలక పలుచగా నుండును, చూచినవారు నవ్వుదురు. రాలిన గింజ మొలచి రెండవ, మూడవ యేటగాని బీడు చిక్కబడదు. వాన తప్పిన యేడు చల్లినదంతయు పోవచ్చును, మరల చల్లవలెను. చల్లినవాని పేరు ఏ గడ్డిపోచమీదను ఉండదు. ఆలయమునకు దీపస్తంభము చేయించినవాని పేరు దానిపై చెక్కబడును. బీటికి విత్తనము చల్లినవాని పేరు గోపాలుడొక్కడే యెరుగును. అట్టి దానము తక్కువదని మన సంప్రదాయము ఎన్నడును చెప్పలేదు.

కావున భక్తులు గోగ్రాసమును మానవలసిన పనిలేదు. దానిని మొదలుగా తీసికొని ముందుకు నడువవలెను. కనుమనాడు కొమ్ములకు రంగు వేయుటతోపాటు ఊరి బీటిని నలుగురును కలిసి నడచి చూచి, ఏభాగమును మూయవలెనో, ఎవరి వామినుండి ఎంత మేత రావలెనో, ఎవరి పశువునకు ముందు అందవలెనో నిర్ణయించుకొనవచ్చును. గోశాలకు కానుక పంపువారు స్వగ్రామపు బీటికి నాలుగు కిలోల విత్తనమును, దానితోపాటు ఒక బండెడు మేతను పంపవచ్చును. విత్తనము పంపి మేతను మరచినచో మాత్రము సగము ధర్మమే చేసినవారగుదురు. ఆ రెండవ సగమును ఆకలిగొన్న ఆవు చెల్లింపవలసివచ్చును.

గోవర్ధనమును గొడుగుగా పట్టి గోగోపకులను ఒక్కరిని విడువక తన నీడలో నిలిపిన స్వామి, మనకు మూయవలసిన చోట మూయు ధైర్యమును, మూసిన చోట మేత పెట్టు దయను ప్రసాదించుగాక.